దూర్బీన్ బురుజు మీద పదిహేడో పేరు

సికింద్రాబాదు నుంచి యాప్రాల్ వైపు పోతుంటే ఎడమచేతి పక్కన ఒక గుట్ట కనబడేది. కనబడేది అనే అనాలి. ఇప్పుడు దాని ముందర పద్నాలుగేసి అంతస్తుల అపార్ట్‌మెంట్లు రెండు లేచి, గుట్టను మొత్తం కప్పేసి, గేటు మీద 'హిల్ వ్యూ' అని రాయించుకున్నాయి. ఊరందరికీ కనబడే గుట్టను తమకొక్కరికే కనబడేట్టు చేసుకుని ఆ పేరు పెట్టుకోవడానికి చాలా ధైర్యం కావాలి. గుట్ట అసలు పేరు దూర్బీన్ గుట్ట, దూర్బీన్ అంటే దుర్భిణి. దాని నెత్తి మీద ఉన్న రాతి కట్టడం దూర్బీన్ బురుజు. ఆ బురుజుకు కావలి మనిషి పర్వతాలు.

తల్లిదండ్రులు ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టారో గానీ, అతని అరవయ్యొక్కేళ్ళలో యాభై ఏళ్ళు గుట్ట మీదనే గడిచిపోయాయి. అతని ముత్తాత అగుమయ్య ఈ బురుజుకు మొదటి కావలి. తాత మాత్రం లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరి, బతికినన్నాళ్ళూ ఈ గుట్ట వైపు తల తిప్పలేదు. తండ్రి మళ్ళీ గుట్టెక్కాడు. తండ్రి తర్వాత పర్వతాలు. ముప్ఫై నాలుగేళ్ళ కొలువు, అదీ పర్మినెంటు కాని కొలువు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అయినా బురుజు గురించి చెప్పమంటే చాలు, అతని నడుము నిటారయ్యేది. ఎనిమిది పలకల కట్టడం, డెబ్బయ్యెనిమిది అడుగుల ఎత్తు. రాయి ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. ఈ గుట్టనే పగలగొట్టి ఈ గుట్ట మీదనే పేర్చారు. వెనక పక్క ఆ గుంతలో ఇప్పటికీ వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. అడుగున గోడ మందం నాలుగడుగులు, పైకి పోయేకొద్దీ గోడ పలచబడుతుంది, కిటికీలూ చిన్నవవుతాయి. కింద నిలబడి చూసేవాడికి బురుజు ఉన్నదానికంటే ఎత్తుగా అనిపించాలని చేసిన తెలివి అది. లోపల తొంభైమూడు మెట్లు, మెలిక తిరిగి పోతాయి. ఒక్కో మెట్టు ఒకే రాయి. దాని సన్నపు కొసను గుండ్రంగా చెక్కి ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోతే ఆ కొసలే నడిమి స్తంభం అయ్యాయి. "స్తంభం మెట్లను మోస్తలేదు సార్, మెట్లే స్తంభం," అని చెప్పి, వచ్చినవాళ్ళు అర్థమైనట్టు తలాడించేదాకా ఆగేవాడు. పైన ఒకప్పుడు ఇత్తడి పళ్ళెం ఉండేది. గోల్కొండ ఎటు, మౌలాలి ఎటు, చార్మినార్ ఎన్ని మైళ్ళు అని దాని మీద బాణపు గుర్తులు చెక్కి ఉండేవి. అతని చిన్నప్పుడే ఎవరో ఊడబీక్కుపోయారు. బోల్టుల రంధ్రాలు నాలుగు మిగిలాయి. ఆ రంధ్రాలనే చూపించి, చేయి చాపి దిక్కులు చెప్పేవాడు. ఆ దిక్కుల్లో ఇప్పుడు కనబడేవి నీళ్ళ ట్యాంకులే.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తన పటాలం వాళ్ళ గుర్తుగా ఆర్థర్ అనే దొర ఈ బురుజు కట్టించాడు. ఇరవై రెండులో పని షురూ అయి ఇరవై నాలుగులో పూర్తయింది. ముందు గోడ మీద పదకొండు మంది దొరల పేర్లు సీసపు అక్షరాల్లో పోత పోసి ఉన్నాయి. ఎవరి హోదా ఏమిటో, ఎవరు ఏ తేదీన పోయారో అన్నీ ఉన్నాయి. మనవాళ్ళ సంగతి చూడాలంటే మాత్రం చుట్టూ తిరిగి ఉత్తరం గోడకు పోవాలి. అక్కడ ఎండ కూడా సరిగా పడదు. అక్కడ ఇంగ్లీషులో ఒకటే వరస. 'పదిహేడుగురు లాస్కర్లు, బస్రా, 1916'. లెక్క ఉంది, పేర్లు లేవు. దొరల దయ అంతవరకే వచ్చి ఆగిపోయింది.

లాస్కర్లు అంటే పటాలానికి గుడారాలు వేసే కూలీలు. బస్రా అంటే ఇరాక్‌లో సముద్రం దగ్గర ఉన్న ఊరు. ఈ రెండు ముక్కలూ సికింద్రాబాదు వాళ్ళ చెవిలో పడి ఇంకొకటి అయ్యాయి. సికింద్రాబాదును మనం లష్కర్ అంటాం కదా, లష్కర్ బోనాలు అంటాం కదా. అందుకని లాస్కర్లు కాస్తా లష్కర్ వాళ్ళయ్యారు. బస్రా ఏమో గోదారొడ్డున సరస్వతమ్మ కొలువున్న బాసర అయింది. దానితో వందేళ్ళుగా చుట్టుపక్కల చెప్పుకునే కథ ఏమిటంటే, లష్కర్ వాళ్ళు పదిహేడుగురు బాసర జాతర బందోబస్తుకు పోయి గోదారిలో కొట్టుకుపోయారని. ఎక్కడి బస్రా, ఎక్కడి బాసర!

పర్వతాలు కూడా అదే చెప్పేవాడు. ఉత్తరం గోడ దగ్గర అందరినీ నిలబెట్టి, "ముందట దొరల పేర్లు చూసిండ్రు గద సార్. మనోళ్ళ పేర్లు రాయి మీద లెవ్వు, నా నోట్ల ఉన్నయ్," అనేవాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని ఎల్లయ్య, బుచ్చయ్య, పెద్ద సాయిలు, చిన్న సాయిలు, కిష్టయ్య అంటూ ఊపిరి తీయకుండా చదివేవాడు. పదహారు అయ్యాక ఒక్క క్షణం ఆగి, అగుమయ్య అని చెప్పి కళ్ళు తెరిచేవాడు. పదిహేడోడు మా ముత్తాత అని చెప్పేవాడు. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి అతన్ని చూసేవాళ్ళు. అతని బతుకులో జనం అతన్ని తేరిపార చూసే సమయం అదొక్కటే.

ఇప్పుడది కూడా లేదు. పద్నాలుగేళ్ళ కిందట పైన వసారా కింది రాయి ఒకటి ఊడి పడింది. అప్పటినుంచి బురుజుకు తాళం వేసి, గుట్ట కింద అడ్డుకర్ర పెట్టారు. తాళం వేసిన బురుజుకు కావలి ఎందుకని అడగొద్దు, సర్కారు లెక్కలు సర్కారువి. పర్వతాలు బురుజు పక్కన ఉన్న ఒంటి గదిలో ఉండిపోయాడు. భార్య సుమిత్ర ఉన్నన్నాళ్ళూ ఈ గుట్టను తిట్టిపోసేది. ఈ గుట్ట మీద గాలి తప్ప పలకరించే దిక్కు లేదనేది. ఆమె పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. మనిషితో మాట్లాడకుండా రెండు మూడు రోజులు గడిచిపోతే అతనికి తన గొంతు ఉందో పోయిందో అనుమానం వచ్చేది. అప్పుడు తాళం తీసి లోపలికి పోయి, మెట్లెక్కుతూ ఆ పదిహేడు పేర్లూ పైకి చదువుకునేవాడు. ఒంటరితనం అలవాటవుతుందని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఒంటరిగా ఉండి చెప్పిన మాట కాదు అది.

అతనికి ఉన్న ఒక్క చుట్టం తమ్ముడు లక్ష్మణ్. తొమ్మిదేళ్ళు చిన్నవాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు అచ్చువేసే దుకాణం ఉంది, సొంతిల్లు ఉంది, కాలనీ సంఘానికి ప్రెసిడెంటు కావాలనే కోరిక ఉంది. అన్నను దసరాకు ఒకసారి పిలిచేవాడు. పిలిచినట్టే పిలిచి, భోజనాలయ్యాక ఎప్పుడు పోతావని అడిగేవాడు.

కిందటి ఏడాది బురుజును బాగుచేయడానికి సర్కారుకు హఠాత్తుగా మనసు పుట్టింది. పాత కట్టడాలు బాగుచేసే యోగిత అనే ఇంజనీరమ్మకు పని ఇచ్చారు. వాళ్ళ తాతలది కాకినాడ, ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. సిమెంటు పేరెత్తితే ఆమెకు కోపం. సున్నం నానబెట్టి, ఇసుక కలిపి, గానుగలో తిప్పి, బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ పోసి డంగు సున్నం చేయించింది. పాతకాలపు మేస్త్రీలు అలాగే చేశారని పర్వతాలు చెబితే అతన్ని కూర్చోబెట్టి మొత్తం రాసుకుంది. 'పర్వతాలు గారూ' అని పిలిచేది. గారూ అనే మాట తన పేరు వెనక వినడం అతనికి అదే మొదలు. రెండు రోజులు సిగ్గుపడ్డాడు.

ఆమె విలాయతులోని దఫ్తరాలకు ఉత్తరాలు రాసి రాసి, చివరికి ఒక కాగితం ఫోటో తెప్పించింది. బస్రాలో కలరాతో పోయిన లాస్కర్ల జాబితా. గోడ దగ్గర నిలబడి అతన్ని పేర్లు చదవమంది. అతను చదువుతుంటే ఆమె కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు రాసిన తీరు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు, బుచ్చయ్యను కసాయివాణ్ణి చేసి 'బుచర్' అని రాసుకున్నారు. అయినా, వరస అటూ ఇటూ ఉన్నా పదహారు పేర్లూ కలిశాయి. పదిహేడోది కలవలేదు, తప్పలేదు. కాగితం అడుగు కొస చిరిగిపోయింది.

యోగిత ఆ కాగితాన్ని ఫైలులో పెట్టుకుంది. ఆ తర్వాత చెప్పింది. "నూట ఎనిమిదేళ్ళుగా మీ ఇంట్లో నోటిమాటగా వచ్చిన పదహారు పేర్లు కాగితంతో సరిపోయాయండీ. కాబట్టి పదిహేడోదానికి మీ మాటే సాక్ష్యం. కమిటీతో మాట్లాడాను, మీరు ఒక స్టేట్‌మెంట్ రాసిస్తే చాలు. ఉత్తరం గోడ మీద కొత్త రాయి పెడుతున్నాం, పదిహేడు పేర్లూ చెక్కిస్తాం." అది బాసర కాదు, బస్రా అని కూడా ఎంతో మెల్లగా చెప్పింది, అతని మనసు నొచ్చుకుంటుందేమోనని. పర్వతాలు అప్పుడే తెలిసినట్టు తలాడించాడు.

ఈ సంగతి లక్ష్మణ్‌కు తెలిసింది. ఆ సాయంత్రమే మోటారు సైకిల్ మీద గుట్ట కిందికొచ్చి, అడ్డుకర్ర కింద నుంచి దూరి, రొప్పుతూ పైకెక్కాడు. పదేళ్ళలో అతను గుట్టెక్కడం అదే మొదటిసారి. వారం తిరిగేసరికి 'ప్రపంచ యుద్ధ వీరుడు అగుమయ్య గారి మునిమనవడు' అని కాలనీ మొదట్లో ఫ్లెక్సీ లేచింది. దాని మీద అగుమయ్య ఫోటో లేదు కాబట్టి లక్ష్మణ్ ఫోటోనే పెద్దగా వేసుకున్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. కానీ ఆ కాయల్లో పర్వతాలుకు కూడా వాటా వచ్చింది. ఆదివారం ఆదివారం భోజనానికి రమ్మని మరదలు స్వర్ణలత తనే ఫోన్ చేసేది. కూరలో కారం ఎక్కువైందా బావా అని అడిగేది. రెండో నెలలో మేడ మీది గది కడిగించి, మంచం వేయించింది. దసరా వెళ్ళాక సామాను తెచ్చుకో అన్నా అని లక్ష్మణ్ చెప్పాడు. ఆ గది కిటికీలోంచి వంటింటి చప్పుళ్ళు, టీవీ మాటలు, ఎవరో ఎవరినో పిలవడం అన్నీ వినబడతాయి. పర్వతాలు ఆ మంచం మీద ఒకసారి కూర్చుని వాటిని వింటూ ఉండిపోయాడు. తనకు ఇంత ఆశ ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు.

ఆశ ఉన్నచోటే భయం. ఎందుకంటే అతనికి తెలిసిన సంగతి ఒకటి లక్ష్మణ్‌కు తెలియదు, యోగితకు తెలియదు, ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. అగుమయ్య బస్రాలో చావలేదు.

పర్వతాలు పన్నెండేళ్ళవాడుగా ఉన్నప్పుడు నాయనమ్మ చెప్పింది. బయట అనొద్దని ఒట్టు వేయించుకుని చెప్పింది. ఆమె అగుమయ్యకు కోడలు, కళ్ళతో చూసిన మనిషి. గుడారాల పటాలంలో లష్కర్ నుంచి పోయింది పద్దెనిమిది మంది. అగుమయ్యను జబ్బు చేసిన కంచర గాడిదలతో పడవ మీద వేరే రేవుకు పంపారు. మిగిలినవాళ్ళ గుడారాల్లో కలరా పడింది. లష్కర్‌కు కబురొచ్చేసరికి మీవాళ్ళు బస్రాలో పోయారు అనే ఒక్క ముక్కే వచ్చింది. ఆడవాళ్ళు బాసర అనుకున్నారు. పదిహేడు ఇళ్ళ వాళ్ళు రైలెక్కి బాసరలో దిగి, గోదారొడ్డున పడవవాళ్ళందరినీ అడిగారు, మా వాళ్ళను చూశారా అని. గోదారమ్మ ఎందరినో తీసుకుపోతుంది తల్లీ, పేర్లు అడుగుతుందా అన్నారట పడవవాళ్ళు. అక్కడే పదిహేడు పేర్లు చెప్పి పిండాలు పెట్టించి, గాజులు పగలగొట్టుకుని వచ్చారు. ఇంట్లో పారాయణంలా వచ్చిన వరస అదే. అది యుద్ధంలో చచ్చినవాళ్ళ వరస కాదు, బాసరలో పిండాలు పెట్టినవాళ్ళ వరస.

మూడేళ్ళకు అగుమయ్య గడ్డంతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పెళ్ళాం పోశవ్వ బియ్యం చెరుగుతోంది. చూసి, లేచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. కులపెద్దలు కూడారు. కర్మ అయిపోయినవాణ్ణి ఇంట్లోకి తేవాలంటే మళ్ళీ పుట్టినట్టు తంతు చేయాలి, మళ్ళీ పెళ్ళి చేయాలి అన్నారు. పోశవ్వ ఒప్పుకోలేదు. గోదారమ్మకు ఇచ్చినదాన్ని వెనక్కి గుంజుకుంటే ఆమె పిల్లల్ని గుంజుకుంటుందని భయపడింది. అగుమయ్య ఎవరినీ ఏమీ అనలేదు. గుట్ట మీద రాయి కొట్టే పని దొరికితే అక్కడికి పోయాడు. బురుజు లేచాక దానికే కావలి అయ్యాడు. పోశవ్వ రోజూ మధ్యాహ్నం గుట్ట అడుగున బండ మీద విస్తరి పరిచి, అన్నం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది, పెద్దలకు పెట్టినట్టే. ఆమె మలుపు తిరిగాక అతను దిగివచ్చి తినేవాడు. ముప్ఫై ఏళ్ళు. ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు. "ఆయన నిజంగ సచ్చిననాడు మాకు ఏడ్వనికె సుత హక్కు లేకుండెరా. ఒక్కసారి ఏడ్సినం గద, అన్నరు," అని నాయనమ్మ చెప్పింది.

మరి పద్దెనిమిదోవాడు ఎవడు అని పర్వతాలు అప్పుడు అడిగాడు. వాడెవడో కిరస్తానీ పిల్లగాడట, వాళ్ళు బాసరకు రాలేదు అంది నాయనమ్మ. లెక్క మాత్రం పదిహేడుకు పదిహేడు సరిపోయింది. సరిపోయింది కాబట్టి ఎవరూ మళ్ళీ చూడలేదు. తర్వాత తండ్రి కావలికి వచ్చి, గోడ ముందు నిలబడి పదిహేడోడు మా తాత అని చెప్పడం మొదలుపెట్టాడు. అవమానం పడి గుట్టెక్కినవాడు అనడం కంటే అది వినసొంపుగా ఉంది. మొదటి కావలి ఎవరన్న మాట ఇక ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చచ్చినవాని కండ్లు చారెడు. బతికొచ్చినవాని కళ్ళ గురించి ఎవరూ ఏమీ అనరు.

భాద్రపదంలో యోగిత పేపర్‌లో ఒక చిన్న ప్రకటన వేయించింది, ఆ పదిహేడుగురి తాలూకు వాళ్ళెవరైనా ఉంటే రమ్మని. తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు. పదో రోజున ఒక ముసలామె వచ్చింది. పేరు ఎలీసబెతు. ఉండేది లాలాగూడలో, వయసు డెబ్బయి నాలుగు. మోకాళ్ళు పట్టుకుని గుట్టెక్కి, పర్వతాలు గది ముందు కూలబడింది. అతను నీళ్ళిచ్చాడు. వాళ్ళ అమ్మమ్మ రోసమ్మకు ఒక అన్న ఉండేవాడట. గుడారాల పనికి పోయి మళ్ళీ రాలేదట. అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ప్రతి ఏడూ చర్చిలో అతని పేరు చదివించి ప్రార్థన చేయించేది. ఆమె పోయాక కొత్త పాస్టరు ఈ మనిషి ఎవరమ్మా, కాగితం ఏమైనా ఉందా అంటే వీళ్ళ దగ్గర ఏమీ లేదు. ప్రార్థన ఆగిపోయింది.

"పేరు లూకా అయ్యా. పంతొమ్మిదేండ్లోడు. మీకు అందరి పేర్లు నోటికొస్తయంట గద. జెర సదువుండ్రి, ఇంట," అంది.

పర్వతాలు చదివాడు. చదవక ఏం చేస్తాడు? ఎల్లయ్య దగ్గర మొదలుపెట్టి పదహారు చెప్పాడు. పదిహేడో దగ్గర నాలుక మెలిక పడింది. అగుమయ్య అన్నాడు. ముసలామె ఇంకా ఉందేమోనని కాసేపు చూసింది. లేదని తెలిశాక చీర కొంగు సర్దుకుంది. అట్లనా అయ్యా, ఏరే యాడనో పోయిండేమో, మేమే తప్పనుకున్నం అని, అతనికి తక్లీఫ్ ఇచ్చినందుకు వందనాలు చెప్పి, పక్కవాటుగా ఒక్కో రాయి మీద కాలు పెట్టుకుంటూ దిగిపోయింది. పర్వతాలు ఆమె అపార్ట్‌మెంట్ల పక్క నుంచి పోయి కనబడకుండా అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. పిలవొచ్చు. పిలవలేదు. మేడ మీది గది గుర్తొచ్చింది, అందుకే పిలవలేదు. ఆ సంగతి తనకు తాను దాచుకోలేకపోయాడు.

తర్వాత రోజుల్లో అతనికి అన్నం సహించలేదు. మింగలేడు, కక్కలేడు. తనకు తాను ఎన్ని సమాధానాలైనా చెప్పుకున్నాడు. లూకా అనేవాడు ఆ పద్దెనిమిదోవాడేనని ఏమిటి రుజువు? ఏ కిరస్తానీ పిల్లవాడో! ఆ సమాధానాలన్నీ బాగానే ఉండేవి, ఎలీసబెతు కొంగు సర్దుకోవడం గుర్తొచ్చేదాకా.

పెత్తరమాస వచ్చింది. అది పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చే అమావాస్య. ఏటా పర్వతాలు గుడి దగ్గర అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి సుమిత్ర పేరు, తల్లిదండ్రుల పేర్లు, అగుమయ్య పేరు చెప్పేవాడు. ఆ రోజు గుడి ముందు పెద్ద వరస. అయ్యగారికి తొందర. పేరు చెప్పు, గోత్రం చెప్పు, నీళ్ళు వదులు, పో. పర్వతాలు ఇంటివాళ్ళ పేర్లన్నీ చెప్పాడు. ఇంకెవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగాడు. లూకా అన్నాడు పర్వతాలు. ఎలా అన్నాడో అతనికే తెలియదు.

అయ్యగారు తలెత్తి చూశాడు. "గోత్రం?"

"తెల్వదయ్యగారూ."

"తెలియనివాళ్ళందరిదీ కాశ్యప గోత్రమే," అని అయ్యగారు మంత్రం అందుకున్నాడు. అలా లూకాకు కాశ్యప గోత్రం దక్కింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. పర్వతాలు తల తిప్పకుండా నీళ్ళు వదిలాడు. ఒకప్పుడు గోదారొడ్డున బతికున్నవాడికి నీళ్ళు వదిలారు, చచ్చిన లూకా ఆ వరసలో లేడు. ఇంతకాలానికి ఆ తప్పు తన చేతిలో సర్దుకున్నట్టనిపించి, గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. గుట్టకు తిరిగిపోకుండా నేరుగా లాలాగూడ పోయి, అడిగి అడిగి ఎలీసబెతు ఇల్లు పట్టుకుని, గడపలో నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె అతన్ని ఒక్క మాట అనలేదు. లోపలికి రమ్మంది. అతను పోలేదు.

మర్నాడు యోగిత స్టేట్‌మెంటు టైపు చేయించి తెచ్చింది. అగుమయ్య పేరు అందులో అప్పటికే ఉంది. సంతకం పెట్టడమే తరువాయి. సున్నం తొట్టి పక్కన రాయి మీద కూర్చుని పర్వతాలు నాయనమ్మ చెప్పినదంతా చెప్పాడు. బాసర సంగతి, పోశవ్వ సంగతి, విస్తరి సంగతి. యోగిత రాసుకోవడం మానేసి వింది. అతను ముగించాక, అగుమయ్య గారు మొదటి కావలి అన్నారు కదా, వారి పేరు ఇంకోచోట చిన్న పలక మీద పెట్టించడానికి అడుగుతాను అంది.

"వద్దు మేడం. ఇది యాది కోసం కట్టిన బురుజు," అన్నాడు పర్వతాలు. "సచ్చినోళ్ళది. మా ముత్తాత బతికొచ్చిండు. బతికొచ్చినోని పేరు రాయి మీద ఎవరు రాస్తరు?"

యోగిత ఆ స్టేట్‌మెంటు కాగితం చింపి సంచిలో పెట్టుకుంది. కమిటీ ఎలీసబెతును పిలిపించి, ఇద్దరి మాటలూ రాయించుకుని, లూకా పేరుకు ఒప్పుకుంది.

లక్ష్మణ్ మళ్ళీ గుట్టెక్కాడు. ఈసారి రొప్పు తీరేదాకా కూడా ఆగలేదు. కార్పొరేటర్‌ను పిలిచానని, చుట్టాలందరికీ చెప్పానని, రేపు కాలనీలో ఎలా తిరగాలని కేకలేశాడు. నిజమే అయితే ఇన్నేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావని అడిగాడు. ఆ మాటకు పర్వతాలు తల వంచుకున్నాడు. పోతూ పోతూ లక్ష్మణ్ మెల్లగా అన్నాడు, ఆ మెల్లగా అన్నదే ఎక్కువ తగిలింది. "నాయిన చెప్పింది నువ్వు నిలబెట్టలేకపోయినవన్నా. ఇగ నన్ను పిలవకు."

ఫ్లెక్సీ దిగిపోయింది. ఆదివారాల ఫోన్లు ఆగిపోయాయి. మేడ మీది గదిలో స్వర్ణలత కుట్టుమిషన్ పెట్టుకుందని, మంచం ఎవరికో ఇచ్చేశారని దుకాణంలో పనిచేసేవాడు ఒకసారి ఎదురుపడి చెప్పాడు. పర్వతాలు దానికేముంది అన్నాడు గానీ, ఆ రాత్రి నుంచి అతనికి గుట్ట మీది గాలి చప్పుడు కొత్తగా వినబడడం మొదలైంది. ఇదివరకు అంత చప్పుడు లేదనిపించేది. ఉండేది. మేడ మీది గదిలోని మాటలు వినకముందు దాన్ని అతను పట్టించుకోలేదు.

నవంబరు నెలలో కొత్త రాయి ఆవిష్కరణ జరిగింది. బురుజుకు తాళం తీశారు, రంగు కాగితాలు కట్టారు. ఉత్తరం గోడ ముందు పదిహేడు కుర్చీలు వేసి, ఒక్కో కుర్చీకి ఒక్కో పేరు అంటించారు, ఆ కుటుంబం వాళ్ళ కోసం. నూట ఎనిమిదేళ్ళ తర్వాత ఎవరొస్తారు? బుచ్చయ్య తాలూకు అంటూ బొల్లారం నుంచి ఇద్దరు వచ్చారు. లూకా కుర్చీలో ఎలీసబెతు కూర్చుంది, ఆమె వెనక మనవరాళ్ళు నిలబడ్డారు. గుడ్డ తీయగానే ఆమె లేచి వెళ్ళి, చివరి పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం తడిమింది. పెదవులు కదిలాయి. ఆ ఆదివారం నుంచి చర్చిలో మళ్ళీ చదువుతారట.

పర్వతాలు ఉతికిన చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. చేతిలో ఫైలు, మెడలో కార్డు ఉన్న ఒక అమ్మాయి గబగబా వచ్చింది. ఫోటో తీసేవాళ్ళు తొందరపెడుతున్నారు.

"అంకుల్, మీరు ఏ ఫ్యామిలీ?"

పర్వతాలు ఆ కుర్చీల వైపు చూశాడు. "ఏ ఫ్యామిలీ లేదమ్మా. నేను వాచ్‌మన్‌ను."

"అయితే కొంచెం పక్కకు జరగండి అంకుల్, ఫోటోలో పడతారు," అంది ఆ అమ్మాయి, మర్యాదగానే.

పర్వతాలు మూల తిరిగి, దొరల పేర్లున్న గోడ వైపు వెళ్ళి నిలబడ్డాడు.